మెడ దగ్గర మొదలెట్టిన స్వెటర్

నల్ల దారం మొత్తం ఊడి వసంతమ్మ చేతిలోకి వచ్చేసింది.

మొదట ఆమెకు హమ్మయ్య అనిపించింది. ఎల్లుండి శుక్రవారం పొద్దున రాబర్ట్‌సన్‌పేట బజారులో, కొత్తగా బాగు చేయించిన తమ బట్టల కొట్టుకు పూజ. ఆ పూజకు మొగుడు తొడుక్కోబోయే స్వెటర్ చంకలో నల్ల దారం వేలాడుతుంటే ఏ పెళ్ళాం చూస్తూ ఊరుకుంటుంది? పైగా కొత్త గుడ్డ ఏదైనా సరే, మూలన పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకునే ఇల్లు కాదు వాళ్ళది. అందుకే కోడలు బజారుకు పోయిన సందు చూసుకుని, పసుపు తడిపి వేలికి అద్దుకుని, ఆ పిల్ల గదిలో బుట్టలోంచి స్వెటర్ బయటికి తీసింది. చంక దగ్గర ఒక చుక్క పెట్టింది. నల్ల దారం పట్టి లాగింది.

అది కచ్చా కుట్టు అనుకుంది పాపం. కొట్టు వెనక మిషను దగ్గర టైలర్ ఓబలప్ప గుడ్డ ముక్కలు జారకుండా అట్లాగే దారం వేసి, పని కాగానే లాగి పారేస్తాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె చూస్తున్న పని అది. లాగి పారేయాల్సినదాన్ని లాగి పారేసింది.

తీరా చూస్తే, కుడి చెయ్యి రావాల్సిన చోట ఊలు లూపులు వరసగా నోళ్ళు తెరుచుకుని కనబడ్డాయి. కంగారుగా మడిచి చంకన పెట్టుకుంది. ఆ మడతలో ఒక లూపు జారింది. దాని పక్కది జారింది. జారినవి జారినచోట ఆగక, భుజం దాకా నిచ్చెన మెట్లలాగా విడిపోతూ పోయాయి.

"అయ్యో! అయ్యయ్యో! ఇది యాడికి పోతుందిరా దేవుడా!"

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

"అత్తా! బొత్తాలు దొరికినాయి! పెద్దవి. మామ ఎడమ చేత్తోనే పెట్టుకోవచ్చు. ఆండర్సన్‌పేట దాకా పోయి తెచ్చినాను, చూడండి..."

రక్షిత గది గడప దాటి ఆగిపోయింది. అత్త చేతిలో దారం చూసింది. చంకలో స్వెటర్ చూసింది. బొత్తాల పొట్లం మంచం మీద పెట్టింది.

"దాన్ని లాగినారా?"

తప్పు చేసినప్పుడు గొంతు పెంచడం వసంతమ్మకు చిన్ననాటి అలవాటు. "లాగకుంటే? నల్ల దారం కట్టి పంపిస్తావా మీ మామను పూజకి?"

"అత్తా, కుడి చెయ్యి మొత్తం ఆ దారం మీదే నిలబడి ఉండె!"

"యాడుండాది చెయ్యి? చెయ్యి వేరేగా అల్లి తెచ్చి కుట్టవా? మా డొరతీ టీచరమ్మ స్కూల్లో మాకు అట్లే నేర్పించింది. వీపు ఒగటి, ముందర రెండు, చేతులు రెండు, అన్నీ తెచ్చి కుట్టేది. నీ మాదిరి మెడ కాడ మొదలుపెట్టి కిందికి దిగేది మేం కనలేదు, వినలేదు."

"దీంట్లో కుట్టే ఉండదు అత్తా! ఉంటే మామకు చంకలో ఒరుసుకోదా? ఆ చెయ్యి ఎత్తలేడు కదా, పుండు పడుతుంది. దానికే మెడ కాడ మొదలుపెట్టినాను. చేతుల లూపులు దారం మీద ఆపేసి, ఒళ్ళు కిందికి అల్లేసినాను. ఎడమ చెయ్యి అయిపోయింది. కుడిది ఎంత వెడల్పు కావాల్నో మామకు తొడిగి చూసి అల్లుదామని, అదొగటే ఆపి పెట్టినాను." ఊడిన దారాన్ని అత్త చేతిలోంచి తీసుకుంది. "ఒక మాట నన్ను అడగకూడదా అత్తా? ఒగే ఒక మాట?"

"నా మొగుని గుడ్డకు పసుపు పెట్టేదానికి నిన్ను అడగాల్నా?"

"ఏందమ్మా గలాటా?" లోపలి గదిలోంచి వసంతమ్మ మొగుడు చెన్నకేశవ కేక.

"ఏం లేదు!" అన్నారు అత్తాకోడళ్ళు ఒక్కసారే. ఈ నెలలో ఇద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.

చెన్నకేశవ లోపలి గదికి అంటుకుపోయి నెలలవుతోంది. వానకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నడక వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. బజారులో మడత నలగని చొక్కాతో తప్ప కనబడని మనిషి. ఊరికి బట్టలు అమ్మిన మనిషి. అట్లాంటివాడు తన చొక్కా పెళ్ళాం తొడిగితే తప్ప తొడుక్కోలేకపోయాడు. ఒకరోజు ఆమె చెయ్యి తోసేసి, "నన్ను పసిబిడ్డను చేస్తా ఉండావు" అని అరిచాడు. ఆనాటి నుంచి పైన దుప్పటి కప్పుకుని కూర్చోవడమే. గేటు దాటలేదు. కోలార్ బంగారు గనుల ఊరి చలి ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ చలిలో దుప్పటితో బజారుకు రమ్మంటే ఆయన వస్తాడా?

"నా బట్ట నేను తొడుక్కుంటే ఆ పొద్దు కొట్టుకు వస్తాను. లేకుంటే నన్ను పిలవొద్దండి" అని తెగేసి చెప్పాడు.

ఆ మాటను పట్టుకుంది రక్షిత. సుగటూరు పిల్ల. పుట్టింట్లో పట్టుగూళ్ళు ఏరిన చేతులు. ఫోన్‌లో చూసి అల్లిక నేర్చుకుంది. గోధుమరంగు ఊలు తెచ్చి కూర్చుంది. మామ ఒంటి మీద కోడలు చెయ్యి వేసి కొలతలు తీసే వాడుక ఆ ఇంట్లో లేదు. కాబట్టి ప్రతిసారీ తొడిగి చూసేది వసంతమ్మ, గుమ్మం తెర ఇవతల నిలబడి అడిగేది రక్షిత. "అత్తా, భుజం కాడ బిగుతుందేమో అడగండి" అని ఈ పిల్ల. "బిగుతు లేదని చెప్పు" అని ఆయన. మధ్యలో తాను ఎందుకో వసంతమ్మకే తెలియదు. తనను తోసేసిన మనిషి కోడలు అల్లిన స్వెటర్‌కు మాత్రం బుద్ధిగా చెయ్యి చాపుతున్నాడు. ఆ బాధ వసంతమ్మకు ముల్లులాగా గుచ్చుకుంటూనే ఉంది. పైకి చెప్పుకుంటే నవ్వుతారని నోరు మూసుకుంది.

ఇప్పుడు ఆ స్వెటర్నే పాడు చేసి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కొడుకు గిరీశ్ సంగతి విని తేలిగ్గా నవ్వాడు. "దీనికింత రచ్చ ఎందుకమ్మా? మనది బట్టల కొట్టు కదా. పెద్ద సైజుది ఒగటి తెచ్చి ఇస్తా."

"తల మీద నుంచి దూర్చుకునేవి అవన్నీ" అంది రక్షిత. "ఆ చెయ్యి ఎవురు లాగి పెడతారు?"

"నేను పెడతా."

"మామ వద్దనేదే దాన్ని."

గిరీశ్ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "నిజం చెప్పాల్నంటే, నాయన వస్తాడని నాకు నమ్మకం లేదు. పూజ నేను చేసేస్తాలే. ఆయన్ని సుమ్మనే ఎందుకు కష్టపెట్టేది?"

లోపలి గదిలో మంచం కిర్రుమంది. గోడ అవతల మనిషి అటు తిరిగి పడుకున్నాడని ముగ్గురికీ తెలిసింది. 

వసంతమ్మకు తన మొగుడు తెలుసు. ఈ శుక్రవారం కొడుకు పూజ చేసేస్తే, ఇక ఏ శుక్రవారమూ ఆయన గేటు దాటడు. ఆ దుప్పటి కిందనే ఉండిపోతాడు.

"నమ్మకం లేదా?" అంది కొడుకుతో. "నీ నమ్మకం ఎవురికి కావాలప్పా? తిన్నావు కదా, పో, కొట్టు చూసుకో పో!"

గిరీశ్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వసంతమ్మ కోడలి వైపు తిరిగింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు, ఎన్నడూ అడిగిందీ లేదు.

"నీ కాడ క్రోషా సూది ఉండాదా?"

రక్షిత తేరిపార చూసింది. "ఉండాది. ఎందుకు?"

"తే. డొరతీ టీచరమ్మ లేసు కూడా నేర్పించింది."

పెరట్లో ఎండ పడేచోట చాప వేసుకుని కూర్చున్నారు. వసంతమ్మ కళ్ళజోడు ముక్కు చివరకు దించి, ఊలును ఒళ్ళో పరిచి, భుజం దగ్గర చిక్కిన లూపును కొక్కెంతో పట్టింది. తర్వాతి మెట్టును దాంట్లోంచి లాగింది. మళ్ళీ దాని తర్వాతిది. జారినదారినే ఒక్కొక్క మెట్టూ చంక దాకా తిరిగి తెచ్చింది. వచ్చిన లూపును రక్షిత ప్లాస్టిక్ తీగ ఉన్న తన సూది మీదకు అందుకుంది. అందుకున్నప్పుడల్లా ఆ పిల్ల ఊపిరి వదలడం వసంతమ్మకు వినబడింది.

"ఇంత పొడుగు తిట్టాలనుకుంటినే మిమ్మల్ని" అంది రక్షిత కాసేపటికి.

"తిట్టు. ఇప్పుడు చేతులు ఖాళీ లేవు, మాట్లాడలేను. నీకు మంచి సమయం."

రక్షిత నవ్వింది. నవ్వకూడదని చూసి కూడా నవ్వేసింది. చివరి లూపు సూది ఎక్కాక వసంతమ్మ నడుము పట్టుకుని వెనక్కి వాలింది. పసుపు చుక్క అట్లాగే ఉంది. చంకలో పడింది కాబట్టి ఎవరికీ కనబడదు.

"నీకు మెప్పు దక్కుతుందని కడుపు మండె నాకు" అంది ఉన్నట్టుండి. "నేను తొడిగిస్తే తోసేసినాడు. నీ స్వెటర్‌కు చెయ్యి చాపినాడు."

రక్షిత సూదులు ఆపింది. "అత్తా, ఆయన మిమ్మల్ని తోయలేదు. మీరు చూస్తా ఉంటే చేతకానిది ఆయనకు నామోషీ. నేను చూస్తే ఏం? నేను తెరకి ఇవతలనే కదా ఉండేది."

వసంతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "సరే, అల్లు అల్లు, పొద్దు పోతా ఉండాది" అని గదమాయించింది.

గురువారం తెల్లారినప్పటి నుంచి ఇల్లు ఇల్లుగా లేదు. రక్షిత వేళ్ళు నొప్పి పుడితే వసంతమ్మ అందుకుంది. వసంతమ్మ లేచి అన్నం వార్చి వచ్చేసరికి రక్షిత అందుకుంది. మోచేతి దాకా వచ్చాక, "ఇంగ తొడిగి చూద్దాం" అంది రక్షిత. "కానీ అత్తా, మీరు చెయ్యి పెట్టకూడదు. ఆయనకు ఆయనే తొడుక్కోవాల. రేపు అట్లే కదా?"

"నాకు తెల్సులే."

తెలియడం వేరు, ఊరుకోవడం వేరు. మొగుడు మంచం అంచున కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని స్వెటర్‌లోకి దూరుస్తుంటే, వసంతమ్మ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడింది. పెళ్ళినాటి నుంచి ఇంత కష్టమైన పని ఆమె చేసి ఎరగదు. చెయ్యి భుజం దాటింది. చంక దాటింది. దాటి అక్కడ ఇరుక్కుంది. ఆయన లాగాడు. రాలేదు. నుదుట చెమట పట్టింది.

వసంతమ్మ చెయ్యి ఎప్పుడు ముందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

"చెయ్యి తియ్యి!"

ఆమె చెయ్యి తీసింది. ఆయన స్వెటర్‌ను ఊడబీకి నేలకేసి కొట్టాడు. "చాలు. ఆట చాలు. వాడన్నమాటే నిజం. నేను రాను. వాడే చేసుకోనీ పూజ."

 వసంతమ్మ వంగి స్వెటర్ తీసుకుంది. కన్నీళ్ళు జలజలా రాలాయి, దాచుకోలేదు. దాచుకునే ఓపిక లేదు.

"అత్తా" అంది తెర ఇవతల నుంచి రక్షిత, మెల్లగా. "యాడ పట్టిందో అడగండి."

"అడగనమ్మా. నన్నింగ అడగమనొద్దు."

మంచం మీద నుంచే గొంతు వచ్చింది. కోపం తగ్గని గొంతే, కానీ జవాబు. "చంక దిగినాక. నాలుగు వేళ్ళ మేర. అక్కడ కుత్తుక పిసికినట్టు ఉండాది. పైన వదులే. కింద కూడా వదులే."

వసంతమ్మ ఆ నాలుగు వేళ్ళ మేర వెలుతురులో పెట్టి చూసింది. చూడగానే తెలిసిపోయింది. ఆ వరసలు తనవి. తన చెయ్యి బిగువు. చిన్నప్పుడు డొరతీ టీచర్ కూడా ఆమె అల్లికను గుంజి చూసి, "వసంతా, ఇది స్వెటరా, గోనెసంచా?" అని క్లాసంతా నవ్వించేది.

ఇంతకు ముందు వసంతమ్మ అయితే ఏదో ఒకటి అనేది. ఊలు మంచిది కాదనేది, సూది మంచిది కాదనేది. ఈసారి నేరుగా తెర తీసి, కోడలి ముందు నిలబడి, "నేను అల్లిందే పట్టింది" అంది.

"అది విప్పేస్తే..."

"నేనే విప్పుతా. లాగేది నాకు బాగా వచ్చు కదా."

సూది తీసేసి, దారం కొస పట్టుకుని లాగింది. కింద రక్షిత అల్లిన వదులు వరసలూ పోయాయి, పైన తన బిగుతు వరసలూ పోయాయి. ఊడి వచ్చిన ఊలును ఆమె చేతికి చుట్టుకుంటుంటే, రక్షిత లూపులను మళ్ళీ సూది ఎక్కించుకుంది. ఇదే కుట్టి చేసిన స్వెటర్ అయితే, రేపు పొద్దున బయలుదేరేముందు తొడిగితే గానీ బిగుతని తెలిసేది కాదు. అప్పుడు చేసేదేమీ ఉండేది కాదు.

"మెడ కాడ మొదలుపెట్టేది మంచిదేలే" అంది వసంతమ్మ. ఆమె నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

రక్షిత లెక్క వేసి ఆ చోట వదులు పెంచి అల్లింది. సాయంత్రం దీపం పెట్టేవేళకు సగం చేతి స్వెటర్‌ను వసంతమ్మ మంచం మీద పెట్టి, గదిలోంచి బయటికి వచ్చేసింది. తలుపు దగ్గరికి వేసింది. లోపల ఏం జరిగిందో ఇద్దరూ చూడలేదు. కాసేపటికి చెన్నకేశవ గొంతు మాత్రం వినబడింది.

"మణికట్టు కాడ బిగుతుగా ఉండాలని చెప్పు. చలి దూరకూడదు."

రక్షిత అత్త ముఖం చూసింది. సూదులు ఆమె చేతిలో పెట్టింది. "బిగుతంటే మీరే అత్తా."

శుక్రవారం పొద్దున రక్షిత బొత్తాలు కుట్టి, స్వెటర్‌ను లోపల పెట్టి వచ్చింది. చెన్నకేశవ తలుపు గడియ వేసుకున్నాడు. గిరీశ్ ఎప్పుడో కొట్టుకు వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు నడవలో నిలబడ్డారు. లోపల ఏదో కింద పడింది. వసంతమ్మ ఒక అడుగు వేసింది. రక్షిత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గడియ తీసిన చప్పుడైంది.

గోధుమరంగు స్వెటర్, మెడ దాకా బొత్తాలు. కింది బొత్తం ఒకటి పెట్టుకోలేదు. పెట్టుకోలేక కాదు, ఆయన ఎప్పుడూ కోటుకైనా కింది బొత్తం పెట్టుకోడు. కుడి చెయ్యి మణికట్టు దాకా నిండుగా లోపల ఉంది. భుజాల మీద కుట్టు లేదు, ముడత లేదు. దుప్పటి మంచం మీద కుప్పగా పడి ఉంది.

"ఆటో పిలిచినారా?" అన్నాడు చెన్నకేశవ, రోజూ పోయే మనిషిలాగా. "పూజకు ఆలస్యం అవుతా ఉండాది."

 రక్షిత అక్కడే ఏడ్చేసింది. పక్కింటి పుష్పావతి గేటు దగ్గర పాల పాకెట్ పట్టుకుని నోరు తెరిచి నిలబడి, "అన్నా! పెండ్లికొడుకు మాదిరి ఉండావే!" అని వీధంతా వినబడేట్టు అరిచింది. అరవనీ. వీధంతా విననీ. వసంతమ్మ తల ఎత్తుకుని ఆటో ఎక్కింది, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

బజారు మొదట్లోనే ఆటో ఆపించాడు చెన్నకేశవ. మిగిలిన దారి నడిచాడు. పూలమ్మే ఆమె అరవంలో కేక వేసి ఒక మూర చామంతి చేతికి ఇచ్చింది. నగల కొట్టు ఆయన గల్లా వదిలి బయటికి వచ్చి దండం పెట్టాడు. చెన్నకేశవ ఎడమ చెయ్యి ఎత్తి అందరికీ దండం పెడుతూ నడిచాడు. వెనక నడుస్తున్న వసంతమ్మకు ఆ వీపు చూస్తుంటే గుండె నిండిపోయింది. గెలిచాం, అనుకుంది. పైకి కూడా అనేసింది. "గెలిచినామే రక్షితా!"

కొట్టు మెట్లెక్కి చెన్నకేశవ ఆగాడు.

తెల్ల పరుపు పరిచిన గద్దె లేదు. తన నాన్న కూర్చున్నదీ, తాను కూర్చున్నదీ ఆ గద్దె మీదనే. దాని చోట గాజు కౌంటరు, దాని వెనక గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ ఒకటి. కుర్చీ వీపుకు గిరీశ్ జెర్కిన్ తగిలించి ఉంది.

"గద్దె యాడరా?"

హారతి పళ్ళెం పట్టుకున్న గిరీశ్ ముఖం పాలిపోయింది. "నువ్వు వస్తావని అనుకోలేదు... ఇప్పుడు అంతా కౌంటర్లే నాయనా..."

అయ్యవారు మంత్రం ఆపేశాడు. చెన్నకేశవ కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి పోయాడు. జెర్కిన్ ఎడమ చేత్తో తీసి కొడుక్కి అందించాడు. "తొడుక్కో. చలిగా ఉండాది." కుర్చీలో కూర్చున్నాడు. "కానివ్వండి స్వామీ."

పూజ అయింది. కొబ్బరికాయ కొట్టారు. మొదటి బేరానికి కామసముద్రం నుంచి వచ్చిన చిన్నక్క చీరలు అడగడం మానేసి చెన్నకేశవ చెయ్యి వైపే చూస్తూ నిలబడింది.

"సెట్టీ, మీకు ఈ చెయ్యే కదా పడిపోయింది? ఎవురు తొడిగించినారు?"

"నేనే తొడుక్కున్నాను చిన్నక్కా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా తమ్ముడు పాపన్నకూ ఇట్లే. ఇంట్లోంచి బయటికి రాడు. ఈ మాదిరిది వానికొగటి ఇప్పించు నాయనా."

"కొని తెచ్చింది కాదమ్మా ఇది. మనిషికి తొడిగి చూసి అల్లాల." చెన్నకేశవ కొడుకు వైపు తిరిగాడు. "గిరీశా, ఇంగొక కుర్చీ తెప్పించు."

"నాకు ఎందుకు నాయనా, నేను నిలబడతాలే."

"నీకు కాదు. నీ పెండ్లానికి."

 ఆ ఇంటి ఆడవాళ్ళు పూజకు రావడమే గానీ, కొట్టులో కూర్చున్నది లేదు. కూర్చోకూడదని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది వసంతమ్మే. గిరీశ్ తల్లి ముఖం చూశాడు, ఈమె వద్దంటుంది కదా అన్న ఆశతో. రక్షిత కూడా అటే చూసింది.

వసంతమ్మ మొగుడి మణికట్టు చూసింది. చలి దూరని బిగువు. తన చేతి బిగువు.

"ఒగటి ఏం సరిపోతుంది?" అంది. "రెండు తెప్పించు."

గిరీశ్ జెర్కిన్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తొడుక్కోలేదు, కదల్లేదు. చెన్నకేశవ ఎడమ చేత్తో మీటరు బద్ద అందుకుని కౌంటరు మీద టక్కున కొట్టాడు.

"వినబడలేదా? మీ అమ్మ రెండంటా ఉండాది."